బొమ్మ మీటకూ ఒక పేరుండాలి

తెలుగులో బ్లాగులు వ్రాయడం మొదలుపెట్టిన తొలినాళ్ళలో మనందరికీ ఒక ఉమ్మడి శత్రువు ఉండేది. దాని పేరు డబ్బా. రాత్రంతా మేలుకొని, లేఖినిలో అక్షరమక్షరం కూర్చుకొని, తెల్లవారగానే ఒక మిత్రునికి లంకె పంపితే, "ఇదేమిటండీ, అన్నీ డబ్బాలే కనబడుతున్నాయి!" అని జవాబు వచ్చేది. పాత విండోస్ 98 యంత్రాల సంగతి సరేసరి. ఎక్స్‌పీలో సైతం కంట్రోల్ పానెలులోనికి వెళ్ళి, సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టి, సీడీ వేసి, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే గాని గౌతమి ఖతి మన గుణింతాలను సవ్యంగా చూపేది కాదు. ఈ తతంగాన్నంతా ఫోనులో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

అంత శ్రమ ఎందుకు పడ్డాం? తెలుగు కంప్యూటరు తెర మీద అక్షరంగా ఉండాలని. అంతకుముందు జాలంలో తెలుగు లేకపోలేదు. పత్రికలు తమ సొంత ఖతులతో వెలువడేవి. కొందరు కవితలను జిఫ్ బొమ్మలుగా పెట్టేవారు. కంటికి అది తెలుగే. యంత్రానికి మాత్రం ఒకచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు, మరొకచోట ఉత్త రంగుచుక్కల చాప. వెదికితే దొరకదు, నకలు తీస్తే రాదు. పద్మ వంటి పొడిగింతలు వచ్చి ఆ ఖతుల వ్రాతను యూనికోడులోనికి మార్చి చూపినప్పుడు మనం పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. అక్షరం బొమ్మ కారాదు, అక్షరం అక్షరంగానే ఉండాలి అన్నది అప్పటి మన నినాదం.

ఇంతటి చరిత్ర ఉన్న మనమే మన పుటల గుమ్మాలకు బొమ్మ అక్షరాల పలకలు తగిలించుకొని కూర్చున్నామని నా అభియోగం. మొదటి ముద్దాయిని నేనే గనుక ఈ మాట అనే చనువు తీసుకొంటున్నాను.

నా పుట పైభాగాన ఏడు మీటలు ఉండేవి. చిత్రకారుడైన ఒక మిత్రుడు కలంతో వ్రాసి ఇచ్చిన అక్షరాలను స్కాను చేసి, వెనుక రంగు తొలగించి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క బొమ్మగా దాచుకొన్నాను. కథలు, పద్యాలు, సమీక్షలు, పాత టపాలు, నా గురించి, ఇలాగ. మౌసు వాటిమీదికి పోతే గోధుమరంగు అక్షరాలు కుంకుమరంగుకు మారేవి. ఆ మార్పు కోసం మూడు రాత్రులు జావాస్క్రిప్టుతో కుస్తీ పట్టాను. వచ్చినవారందరూ ఆ మీటలను మెచ్చుకొన్నారు. కొందరైతే టపాలను వదిలి మీటలనే మెచ్చుకొన్నారు.

ఉన్నత పాఠశాలలో మాకు ఛందస్సు చెప్పిన మాస్టారు ఒకరున్నారు. యతి తప్పితే చెవి పట్టుకొనే రకం. పదవీ విరమణ తరువాత నీటికాసుల వలన ఆయనకు చూపు పోయింది. మనవడు కంప్యూటరులో స్క్రీన్ రీడరు అమర్చిపెట్టాడు. తెర మీది వ్రాతను అది గొంతుతో చదివి వినిపిస్తుంది, ఆయన మౌసు ముట్టకుండా కీబోర్డుతోనే పని నడుపుకొంటారు. నేను పద్యాలు వ్రాస్తున్నానని ఎవరో చెబితే లంకె అడిగి తీసుకొన్నారు. గంట తరువాత ఫోను వచ్చింది.

"ఏమిరా, నీ పద్యాలు విందామని వచ్చాను. లోపలికి దారి తెలియడం లేదు. 'లింక్, గ్రాఫిక్, బీటీఎన్ జీరో వన్' అంటోంది. మీట నొక్కి ముందుకు పోతే 'బీటీఎన్ జీరో టూ' అంటోంది. ఏడుసార్లు అలాగే అన్నది. వీటిలో పద్యాలు ఏ గదిలో పెట్టావు?"

ఆయన ఈ మాట కోపంగా అని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. సంకోచంగా అన్నారు. యంత్రం వాడడం తనకింకా సరిగా పట్టుబడలేదేమోనని, పొరపాటు తనదేనేమోనని ఆయన అనుమానం. చెవి పట్టుకోవలసిన మనిషి క్షమాపణ చెప్పుకొంటున్నట్టు మాట్లాడారు. మన చేతగానితనం ఎదుటివారికి వారి చేతగానితనంగా తోచేలా చేయడం కన్న మించిన అమర్యాద లేదని నాకు ఆనాడు తెలిసింది.

బీటీఎన్ జీరో వన్ ఎక్కడి నుంచి వచ్చిందో మీరు ఊహించే ఉంటారు. అది నేను ఆ బొమ్మ ఫైలుకు పెట్టుకొన్న పేరు. లంకెగా వాడిన బొమ్మకు మనం ఏ మాటా వ్రాయకపోతే, స్క్రీన్ రీడరు పాపం ఏదో ఒకటి చెప్పాలి గనుక ఫైలు పేరునో, లంకె చిరునామాలోని ముక్కనో చదువుతుంది. మన బిట్టూ, మన జీరోలూ, మన అండర్‌స్కోరులూ అన్నీ వినిపిస్తుంది. ఒకప్పుడు మన మిత్రులకు కనబడిన డబ్బా ఇదే. కంటికి గాక చెవికి తగులుతుంది, అంతే తేడా.

దీనికి మందు కొత్తదేమీ కాదు. బొమ్మను చూపే ఇమేజ్ ట్యాగులో ఆల్ట్ అనే గుణం ఒకటుంది. బొమ్మకు బదులుగా వినిపించవలసిన, లేక కనిపించవలసిన మాట అందులో వ్రాస్తాము. నేను దానిని బదులుమాట అంటాను. ఇది 1995లో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉన్నది. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 నుంచి ప్రతి బొమ్మకూ తప్పనిసరి చేశారు. బదులుమాట వలన లాభపడిన తొలివారిలో చూపున్నవారూ ఎందరో ఉన్నారు. లింక్స్ వంటి ఉత్త అక్షరాల విహరిణులు వాడినవారికి బొమ్మలే కనబడవు. డయలప్ రోజుల్లో మనలో ఎంతమందిమి బొమ్మలు ఆపివేసి పుటలు చదివాము! టెలిఫోను బిల్లు భయంతో బొమ్మలు ఆపుకొన్న మనం ఆల్ట్ వ్రాయని పుటను తిట్టుకొన్నాము కూడా. కనుక ఇది ఎవరిమీదనో దయతలచి చేసే ధర్మకార్యం అనుకోవడం పొరపాటు. వ్రాతలో ఒక భాగం.

అయితే బదులుమాట వ్రాయడమంటే ఏదో ఒకటి నింపడం కాదు. మాస్టారి ఫోను తరువాత నేను తొందరపడి చేసిన మొదటి దిద్దుబాటు ఇంకొక తప్పు. 'కుంకుమరంగులో కలంతో వ్రాసిన అందమైన అక్షరాల బొమ్మ' అని వ్రాశాను. బొమ్మను వర్ణించానే గాని అది ఎక్కడికి తీసుకొనిపోతుందో చెప్పలేదు. గోడ మీది చిత్రానికి వర్ణన కావాలి. తలుపుకు కావలసింది లోపల ఏ గది ఉన్నదో చెప్పే మాట. మీట తలుపు వంటిది. 'పద్యాలు' అన్న ఒక్క మాట చాలు. 'బొమ్మ' అని, 'లంకె' అని ముందు చేర్చనక్కర లేదు, ఆ సంగతి స్క్రీన్ రీడరు తానే చెబుతుంది. బొమ్మ పక్కనే అదే మాట అక్షరాలలో ఉంటే ఆల్ట్‌ను ఖాళీగా వదలాలి. లేకుంటే 'పద్యాలు పద్యాలు, కథలు కథలు' అని భజన వినిపిస్తుంది. ఖాళీగా వదలడం అంటే గుణాన్ని వ్రాసి, కొటేషను గుర్తుల నడుమ ఏమీ లేకుండా ఉంచడం. గుణమే వ్రాయకపోవడం వేరు. మొదటిది 'దీన్ని దాటిపో' అని చెప్పడం, రెండవది ఏమీ చెప్పకుండా తప్పించుకోవడం. అంచులకూ మూలలకూ అతికించుకొనే తీగలకు, పూలకు, నెమళ్ళకు మొదటిదే తగినది.

ఇక్కడ తెలుగువారమైన మనకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉన్నది. దీనిని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు నేను చూడలేదు గనుక కాస్త వివరిస్తాను.

చాలామంది పుట అడుగున రెండు బాణాలు పెడతారు, ఎడమకొకటి, కుడికొకటి. పక్కన మాట ఉండదు. బాణం అందరికీ తెలుసు గదా అనుకొంటాము. బ్లాగర్ వారి మామూలు మూసలో కొత్త టపా లంకె ఎడమవైపు, పాత టపా లంకె కుడివైపు ఉంటాయి. వర్డ్‌ప్రెస్ పాత మూస కూబ్రిక్‌లో పాతవి ఎడమకు, కొత్తవి కుడికి ఉండేవి. అంటే ఎడమ బాణం ఒక ఇంట్లో రేపటికి, పక్కింట్లో నిన్నటికి తీసుకొనిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో పాత టపాలకు దారితీసే ఆదేశం పేరు నెక్స్ట్ పోస్ట్స్ లింక్ అని తెలిస్తే, తయారు చేసినవారికే ఈ దిక్కుల గొడవ తెగలేదని అర్థమవుతుంది.

సరే, బాణం తీసివేసి మాట వ్రాద్దామంటే, తెలుగులో 'ముందు' ఉన్నది. 'ముందు చెప్పాను గదా' అన్నప్పుడు అది గడిచిన కాలం. 'ముందుకు నడు' అన్నప్పుడు రాబోయే చోటు. 'వెనుకటి రోజులు' గతం, 'నీ వెనుకే వస్తాను' అంటే నీ తరువాత. 'ముందు పుట' అని మీట మీద వ్రాస్తే చదువుతున్న పుటకు ముందటిదా, ముందుకు పోతే వచ్చేదా? కళ్ళున్నవారు బాణం కొన చూసి సమాధానపడతారు. మాట మాత్రమే వినేవారికి ఆ ఆధారం లేదు. పైగా రెండు మీటలనూ పక్కపక్కన పెట్టుకొని పోల్చే వీలు వారికి లేదు, ఒకటి విన్న తరువాతనే ఇంకొకటి వింటారు. కాబట్టి ముందూ వెనుకా రెండింటినీ నేను నా మీటల నుంచి వెలివేశాను. 'పాత టపాలు', 'కొత్త టపాలు' అంటే పేచీ లేదు. వరుసగా సాగే రచన అయితే 'తరువాతి భాగం', 'కిందటి భాగం'. వీలైతే టపా పేరే పెట్టడం అన్నిటికన్న మేలు.

ఇంటి బొమ్మ కూడా ఇంతే. ఏటవాలు కప్పు, పొగగొట్టం ఉన్న ఆ చిన్న ఇల్లు నొక్కితే మొదటి పుట వస్తుంది. ఇంగ్లీషులో మొదటి పుటను హోమ్ అంటారు గనుక వారికి అది మాటకు బొమ్మ. మనకు అది నేర్చుకొన్న గుర్తే గాని తోచే గుర్తు కాదు. దానికి బదులుమాటగా 'ఇల్లు' అని వ్రాసిన తెలుగు పుటలను నేను విన్నాను. 'లింక్, ఇల్లు' అని వినబడితే ఎవరి ఇల్లనుకోవాలి? 'మొదటి పుట' అనండి. 'ముంగిలి' అంటే నాకింకా ఇష్టం. ఫ్లాపీని ఎన్నడూ చూడని పిల్లలు ఫ్లాపీ బొమ్మ నొక్కి ఫైలు దాచుకొంటున్నారు, మూడు అడ్డగీతలను నొక్కి పట్టికలు తెరుస్తున్నారు. అలవాటు బొమ్మకు అర్థం కట్టబెడుతుంది. ఆ అలవాటు లేనివారికి మాటే దిక్కు. మొన్ననే మొదటిసారి స్మార్ట్‌ఫోను పట్టిన మన ఇంటి పెద్దలు ఈ సంగతి మనకన్న బాగా చెప్పగలరు.

బదులుమాటను తెలుగులో వ్రాయడంతో పని తీరదు. పుటలో భాష పేరు చెప్పాలి. హెచ్‌టీఎంఎల్ తొలి ట్యాగులో లాంగ్ అనే గుణానికి టీఈ అన్న రెండక్షరాల సంకేతం పెడితే, ఇది తెలుగు అని స్క్రీన్ రీడరుకు తెలుస్తుంది, తెలుగు గొంతు ఉంటే అందులోనికి మారుతుంది. మూసను ఎక్కడినుంచో తెచ్చుకొని అందులో ఇంగ్లీషు సంకేతాన్ని అలాగే వదిలేస్తే, కొన్ని గొంతులు మన అక్షరాలను అసలు పలకకుండా దాటిపోతాయి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరును ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు. అది ఉచితం. దానితోపాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. ఆ గొంతు కొంచెం రాళ్ళు నమిలినట్టు ఉంటుంది, ఒత్తులు గట్టిగా పలుకుతుంది, అయినా అర్థమవుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ ఉన్నది. తెలుగు చదివే గొంతులు లేవు గనుక మనం చేసి ఏం లాభం అని ఒకప్పుడు చెప్పుకొన్న సాకు ఇప్పుడు చెల్లదు.

అక్షరాలను బొమ్మలుగా పెట్టడానికి ఒకప్పుడు న్యాయమైన కారణమే ఉండేది. చదువరి యంత్రంలో ఏ ఖతి ఉంటుందో తెలియదు. పోతన, వేమన ఖతులు దించుకొన్నవారికి ఒక అందం, గౌతమితో సరిపెట్టుకొన్నవారికి వేరొక అందం. మన మనసులోని అక్షరం అందరికీ కనబడాలంటే బొమ్మే శరణ్యం. ఆ కారణం పోయింది. మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, ఎన్టీఆర్ వంటి ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండు వరుసల సీఎస్ఎస్‌తో అవి చదువరి తెర మీదికి వచ్చి వాలతాయి. మీట అక్షరంగానే ఉంటుంది, అందంగానూ ఉంటుంది, ఎంత పెద్దది చేసినా అంచులు మసకబారవు, వెదికితే దొరుకుతుంది. రంగు మారడానికి జావాస్క్రిప్టుతో కుస్తీ అక్కర లేదు. 2008 డిసెంబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: అక్షరాలతో పని జరిగేచోట అక్షరాల బొమ్మ వాడవద్దు, సంస్థ ముద్ర వంటి చోట్ల మాత్రం మినహాయింపు. అందం మీద ప్రేమతో బొమ్మలు వాడేవారికి నేను చేసే మనవి ఇదే. బొమ్మను మానమనడం లేదు. బొమ్మను అలంకారంగా ఉంచి, మాటను మాటగా పక్కన పెట్టండి. కలంతో వ్రాసిన అక్షరాలే కావాలంటే వాటిని పుట శీర్షికకు వాడుకోండి, బదులుమాట వ్రాయండి.

ఇది చూపు లేనివారి సంగతి మాత్రమే అనుకోకూడదు. చేతులు వణికేవారికి మౌసు కొనను చిన్న బొమ్మ మీద నిలపడం సూదిలో దారం ఎక్కించడంతో సమానం. ఒకప్పుడు మన పక్కపట్టీలలో 80 చుక్కల పొడవు, 15 చుక్కల ఎత్తు గల పట్టీలను బారులుగా పేర్చుకొనేవాళ్ళం గదా. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం మీట కనీసం 24 చుక్కల పొడవు, 24 చుక్కల ఎత్తు ఉండాలి, లేదా దాని చుట్టూ తగిన ఖాళీ ఉండాలి. 44 చుక్కలైతే ఇంకా మంచిది. వెలుగు తేడా మరొకటి. అక్షరానికీ దాని వెనుక రంగుకూ నిష్పత్తి 4.5కు తగ్గరాదని, బొమ్మ గుర్తులకైతే 3కు తగ్గరాదని లెక్క. తెల్లని నేల మీద పచ్చని పసుపురంగు ఈ లెక్కలో 1.1 దాకా కూడా రాదు. పండుగ తోరణంలా ఉన్నదని మనం మురిసే మీట, కంటిలో శుక్లాలున్న పెద్దమనిషికి ఉత్త తెల్లకాగితం.

కీబోర్డుతో తిరిగేవారి మాట కూడా చెప్పాలి. ట్యాబ్ మీట నొక్కుతూ పోతే ఏ లంకె మీద ఉన్నామో చూపే ఒక గీత ఆ లంకె చుట్టూ వస్తుంది. అది తమ అందాన్ని పాడుచేస్తున్నదని కొందరు దానిని సీఎస్ఎస్‌తో తీసివేస్తారు. అది చీకటి మెట్ల మీద చేతికర్ర లాగివేయడమే. ఇంకొందరు ఉత్త బొమ్మను పెట్టి, నొక్కినప్పుడు కదిలేలా దానికి స్క్రిప్టు తగిలిస్తారు. మౌసుకు అది మీట. కీబోర్డుకు అది గోడ. వేరే పుటకు పోయేదైతే లంకె ట్యాగు, ఉన్నచోటనే ఏదైనా చేసేదైతే బటన్ ట్యాగు వాడితే ఈ బాధలన్నీ పుట్టకముందే పోతాయి. ఇప్పుడు బొమ్మలను ఎస్‌వీజీగా పెడుతున్నారు. వాటిలో ఆల్ట్ ఉండదు గనుక, మీటకు అరియా లేబుల్ అనే గుణంలోనో, కంటికి కనబడకుండా దాచిన అక్షరాలలోనో పేరు వ్రాయాలి. రూపం మారింది, ఋణం మారలేదు.

"ఇదంతా పెద్ద సంస్థల పని. నా చిన్న పుటకు చూపులేనివారు ఎవరు వస్తారు?" అని అడిగేవారున్నారు. నేనూ అడిగినవాడినే. రారు అనుకొని తలుపు మూసుకొన్నవాడికి ఎవరూ రాలేదనే కనబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దృష్టిలోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లేరా? వారిలో పద్యం వినాలనుకొనేవారు లేరా?

పెద్ద సంస్థలు దీన్ని తమ పని అనుకొన్నాయా అంటే, సిడ్నీ కథ వినండి. 2000 సంవత్సరపు ఒలింపిక్స్ కోసం నిర్వాహకులు ఒక వెబ్‌సైటు కట్టారు. బ్రూస్ మాగ్వైర్ అనే ఆస్ట్రేలియా పౌరుడు పుట్టు అంధుడు. ఆయన చేతివేళ్ళకు తగిలే బ్రెయిలీ పలక సాయంతో కంప్యూటరు చదువుతారు. ఆ సైటులో బొమ్మలకూ, బొమ్మ పటాల లంకెలకూ బదులుమాటలు లేవు, ఆటల పట్టికకు దారి లేదు. 1999 జూనులో ఆయన మానవ హక్కుల కమిషనుకు ఫిర్యాదు చేశారు. దిద్దడం మహా ఖర్చు, ఏడాదికి పైగా పడుతుందని నిర్వాహకులు వాదించారు. నిపుణుల సాక్ష్యం విన్న కమిషను ఆ లెక్కను ఒప్పుకోలేదు. 2000 ఆగస్టు 24న తీర్పు చెప్పి, ఆటలు మొదలయ్యే సెప్టెంబరు 15 లోగా దిద్దమన్నది. పూర్తిగా దిద్దలేదు గనుక ఆ నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇవ్వమన్నది. ఇందులో నాకు తోచిన నీతి డబ్బును గురించి కాదు. కట్టేటప్పుడు ఒక్కొక్క బొమ్మ దగ్గర ఒక్కొక్క మాట వ్రాసి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కూడా కాదు. చివరన చేద్దామని వాయిదా వేసినందువల్లనే అది కొండంత పని అయింది.

మన దేశంలోనూ చట్టం వెనుకబడి లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కంప్యూటరు సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కన్ను ఆర్పి చూపమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు పెట్టుకొన్న అర్జీల మీద వచ్చిన తీర్పు అది. మన పుటల మీదికి పోలీసులు వస్తారని ఈ మాట చెప్పడం లేదు. కోర్టు చెబితే గాని బ్యాంకుకు తెలియని సంగతి, చదువరిని అతిథిగా భావించే మనకు ఎవరూ చెప్పకుండానే తెలియాలని చెబుతున్నాను.

ఎవరి పుట వారు పరీక్షించుకోవడానికి అరగంట చాలు. నేను చేసే పద్ధతి ఇది.

1. విహరిణిలో బొమ్మలు ఆపివేసి పుట తెరవండి. ఏ మీట ఎక్కడికి పోతుందో తెలుస్తున్నదా?

2. మౌసును పక్కకు పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతో మాత్రమే ఒక పాత టపా దాకా వెళ్ళిరండి. ఎక్కడున్నారో ప్రతి అడుగులోనూ కనబడుతున్నదా?

3. తెరను నలుపుతెలుపులలో చూడండి. రంగు పోగానే ఏ మీట మాయమైంది?

4. చివరగా స్క్రీన్ రీడరు పెట్టుకొని, కళ్ళు మూసుకొని వినండి. ఇది తప్పించుకోవద్దు. మొదటి మూడూ తప్పులు చూపుతాయి. నాలుగవది సిగ్గు నేర్పుతుంది.

నా ఏడు మీటలు ఇప్పుడు అక్షరాలే. మిత్రుడు వ్రాసిచ్చిన ఆ కలం అక్షరాలలో ఒకదానిని శీర్షికగా నిలుపుకొన్నాను, దానికి బదులుమాట ఉన్నది. దిద్దుబాటు పూర్తి అయిన సాయంత్రం మాస్టారికి ఫోను చేసి మళ్ళీ రమ్మన్నాను. ఈసారి ఆయన అరగంటలోనే ఫోను చేశారు. గొంతులో సంకోచం లేదు. "వచ్చానురా. పద్యాల గది దొరికింది. మూడో పద్యం నాలుగో పాదంలో యతి తప్పింది, చూసుకో," అన్నారు.

చూసుకొన్నాను. తప్పింది. దిద్దాను.